అవ్వ చెప్పిన చరిత్ర

1937వ సంవత్సరమున ఐర్లండు దేశమునందలి ప్రాథమిక పాఠశాలలకు ఒక చిన్న పుస్తకము చేరెను. అందు కథలు లేవు, పద్యములు లేవు, లెక్కలును లేవు. ఉన్నవన్నియు ప్రశ్నలే. ఊరి కమ్మరి కొలిమి ఎచ్చట నుండెడిది? ఆ కమ్మరి తండ్రితాతలు కూడ కమ్మరులేనా? వెన్న చిలుకునప్పుడు ఇంటికి వచ్చిన వారెవరైనను కవ్వమునకు ఒక చేయి వేయవలెనను ఆచారము కలదా? పూర్వము బడి ఎచ్చట జరిగెడిది? కరవు కాలమును గురించి ఊరివారు ఏమని చెప్పుకొందురు? ఇట్టి ప్రశ్నలు 55 అంశముల క్రింద ఆ పుస్తకమునందు కూర్పబడి యుండెను. వీనికి సమాధానము చెప్పవలసినవారు విద్యార్థులు కారు. వారి అవ్వలు, తాతలు, ఇరుగుపొరుగు వృద్ధులు. విద్యార్థులు చేయవలసిన పని అడుగుట, వినుట, విన్నదానిని వ్రాసి తెచ్చుట.

ఇట్లు పెద్దల జ్ఞాపకములను వారి నోటనే విని భద్రపరచిన దానికి మౌఖిక చరిత్ర యని పేరు. వినుట సులభముగనే తోచును. కాని ఎవరిని అడుగవలెను, ఏమి అడుగవలెను, ఎందుల కడుగుచున్నాము, వ్రాసినది ఎచ్చట నుంచవలెను అను విషయములను ముందుగా నిర్ణయించుకొననిచో ఆ పని నాలుగు దినములలో చల్లబడి, కొన్ని చెదరిన కాగితములు మాత్రము మిగులును. ఐర్లండు పిల్లలు చేసిన పని చెదరిపోక నేటికిని నిలిచి యుండుటకు దాని వెనుక నున్న ఆలోచనయే కారణము.

ఆ ఆలోచన చేసినది ఐర్లండు జానపద సంఘము. ప్రభుత్వ ధనసహాయముతో 1935లో నెలకొల్పబడిన ఈ సంఘమునకు షేమస్ ఓ డులార్గ యను పండితుడు నాయకుడు. ఐర్లండు అనేక శతాబ్దములు ఆంగ్లేయుల పాలనలో నుండి 1922లో స్వపరిపాలనము పొందెను. అంతకు పూర్వపు దస్తావేజులలో పెక్కు పాలకులును, భూస్వాములును వ్రాయించినవి. శిస్తు ఎంత, కౌలు ఎంత, ఎవరిని భూమినుండి వెడలగొట్టిరి అను సంగతులు వానియందు దొరకును. వెడలగొట్టబడినవాడు ఆ రాత్రి ఎచ్చట తలదాచుకొనెనో దొరకదు. అది అతని బిడ్డలకు తెలియును. బిడ్డల బిడ్డలకు కొంత తెలియును. ఆ తరువాత ఎవరికిని తెలియదు.

1845 మొదలు 1852 వరకు ఐర్లండును పట్టి పీడించిన మహాక్షామము ఇందులకు ఉదాహరణము. బీదల యాహారమైన బంగాళాదుంప పంటకు తెగులు సోకి చేలు కుళ్లిపోయెను. సుమారు పది లక్షలమంది ఆకలిచేతను, వ్యాధులచేతను మరణించిరి. మరి పది లక్షలమంది ఓడలెక్కి పరదేశములకు పోయిరి. 1841లో 82 లక్షలుగా నున్న జనసంఖ్య 1851 నాటికి 65 లక్షలకు పడిపోయెను. ఈ యంకెలు జనాభా లెక్కలలో కలవు. కాని 1847లో పదియేండ్ల బాలుడుగా నున్నవాడు 1937 నాటికి జీవించియుండినచో అతనికి నూరేండ్లు. కన్నులార చూచినవారు దాదాపుగా గతించిరి. వారి యొడిలో కూర్చుండి విన్నవారు మాత్రము మిగిలియుండిరి. వారికిని డెబ్బది, ఎనుబది యేండ్లు. ఇంకొక ఇరువది సంవత్సరములు జాగు చేసినచో ఆ రెండవ వరుస కూడ తొలగిపోవును.

సంఘమునకు గల పూర్తికాలపు సేకర్తలు కొలదిమంది. వారు సైకిళ్లమీదను, కాలినడకను ఎంత తిరిగినను ప్రతి గ్రామమునకు పోజాలరు. అప్పుడు సంఘమువారికి పాఠశాలలు జ్ఞాపకము వచ్చెను. ప్రతి యూరికి సమీపమున ఒక బడి కలదు. ప్రతి బడిలో వ్రాయనేర్చిన పిల్లలు కలరు. ప్రతి పిల్లవాని యింటను ఒక వృద్ధుడో వృద్ధురాలో కలరు. విద్యాశాఖవారును, ఉపాధ్యాయుల సంఘమువారును సమ్మతించిరి. పదునొకండు మొదలు పదునాలుగేండ్ల వయస్సు గల పిల్లలు వారమున కొకసారి వ్రాయవలసిన వ్యాసమునకు బదులుగా ఈ పని చేయవచ్చునని యేర్పాటు జరిగెను. వ్యాసరచన తప్పినదను సంతోషముతోనే పలువురు పిల్లలు ఈ పనికి పూనుకొనియుందురు!

ప్రశ్నల పుస్తకమును సిద్ధపరచినవాడు షాన్ ఓ సూలవాన్. ఇతడు మొదట ఉపాధ్యాయుడు. తరువాత స్వీడను దేశమున ఉప్సాల నగరమునకు పోయి, జానపద విషయములను వర్గీకరించి భద్రపరచు పద్ధతిని నేర్చి వచ్చెను. ఆ పుస్తకమునందలి ప్రశ్నలను చూచినచో అడుగుటలో గల మెలకువ తెలియును. “పూర్వకాలపు వ్యవసాయమును గురించి చెప్పుము” అని అడిగినచో ఏ వృద్ధుడైనను “అప్పుడంతా బాగుండెడిది” అని ఒక్క మాటతో ముగించును. నేలను ఎట్లు సిద్ధపరచెదరు, విత్తనపు దుంపలను ఎవరు కోయుదురు, నాగలితోనా పారతోనా, పారను ఎవరు చేసెడివారు అని అడిగినచో చేతులు చేసిన పని మనస్సునకు వచ్చును. పని వెంట మనుష్యులు వత్తురు. మనుష్యుల వెంట కథ వచ్చును.

పాత సంగతులను ప్రోగుచేయుట అనునది ఉద్దేశము కాదు. అది కోరిక మాత్రమే. సంఘమువారి ఉద్దేశము అంతకంటె స్పష్టమైనది. ఆ తరము గతింపక పూర్వమే దేశమునందలి వీలైనన్ని గ్రామములనుండి, చెప్పినవారి మాటలలోనే, ఒక ప్రాంతమును మరియొక ప్రాంతముతో పోల్చుటకు అనుకూలమగునట్లు సేకరించి, ఒక్కచోట భద్రపరచవలెనని వారు తలచిరి. ఇందలి ప్రతి మాటనుండియు ఒక్కొక్క నియమము పుట్టెను. పోల్చవలెను గనుక అన్ని బడులకు ఒకే ప్రశ్నలు పంపబడెను. చెప్పినవారెవరో తరువాతివారికి తెలియవలెను గనుక చెప్పినవారి పేరు, ఊరు, వీలైనచో వయస్సు, వ్రాసిన పిల్లవాని పేరు నమోదు చేయబడెను. పిల్లలు తమ నోటుపుస్తకములలో వ్రాసిన దానినుండి మేలైనది ఏరి, పాఠశాలకు పంపబడిన ఒక పెద్ద పుస్తకమున మరల చక్కగా వ్రాయించిరి.

1939 నాటికి ఈ సేకరణము ముగిసెను. సుమారు 5,000 పాఠశాలలు, 50,000 మంది పిల్లలు ఇందు పాలుపంచుకొనిరి. పెద్ద పుస్తకములు 1,128 సంపుటములుగా కట్టబడెను. పిల్లల నోటుపుస్తకములతో కలిపి మొత్తము పుటలు ఏడు లక్షలకు పైబడినవి. ఇవి నేడు డబ్లిన్ నగరమున విశ్వవిద్యాలయ కళాశాలలో నున్నవి. 2017లో సంఘము సేకరించిన సంగ్రహము యునెస్కోవారి ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చబడెను. పుటల ఛాయాచిత్రములను ఇంటర్నెట్టులో నుంచుటచే, అమెరికాలోనున్న మనుమరాలు తన అవ్వ పదునొకండేండ్ల ప్రాయమున వ్రాసిన వంకర యక్షరములను ఇంటనుండియే చదువగలుగుచున్నది.

అదే కాలమున సంఘపు సేకర్తలు ఎడిఫోను అను బరువైన యంత్రమును వెంట గొనిపోయెడివారు. అందు మైనపు గొట్టముమీద మాట చెక్కబడును. సేకర్త రాత్రివేళ ఆ మాటను మరల మరల విని కాగితముమీద వ్రాయును. వ్రాయుట ముగిసిన పిమ్మట గొట్టముపై మైనపు పొరను గీకివేసి, నున్నచేసి, మరల ఉపయోగించెడివారు. క్రొత్త గొట్టములకు డబ్బు చాలదు. అందుచేత ఆ కథకుల మాటలు నిలిచినవి. గొంతులు మాత్రము చాలవరకు మైనపు పొడియై రాలిపోయినవి. సంఘమువారిని తప్పు పట్టుటకు వీలులేదు. మాటను దక్కించుకొనుట వారి ఉద్దేశము. ఉన్న డబ్బుతో ఆ పని నెరవేరెను. కాని ఉద్దేశములో చేరనిది చేతికి చిక్కదనుటకు ఇంతకంటె వేరొక నిదర్శనము అక్కరలేదు.

ఆ ప్రణాళికకు అందనివి మరికొన్ని కలవు. స్వతంత్ర రాజ్యములో చేరక, బ్రిటిషు పాలన క్రిందనే నిలిచిన ఉత్తరపు ఆరు మండలములు ఇందు చేరలేదు. పెద్ద నగరముల పాఠశాలలు కూడ చేరలేదు. పాత సంగతులు పల్లెలలోనే యుండునని ఆనాటి పండితుల తలంపు. నగరపు ఇరుకు వీధులలోను, రేవులలోను, కార్ఖానాలలోను పనిచేసిన వారికి మాత్రము జ్ఞాపకములు లేవా? డబ్లిన్ నగరవాసుల జ్ఞాపకములను సేకరించుటకు 1979-80లో మరియొక ప్రణాళిక కావలసివచ్చెను. పండ్రెండేండ్ల మనుమడు అడిగినప్పుడు అవ్వ చెప్పనివియు కొన్ని యుండును. కరవులో పొరుగువాని భూమిని ఎవరు కాజేసిరి, ఎవరి శవమును పెట్టె లేకుండ పాతిపెట్టిరి యను మాటలు పసివారి చెవిని వేయుటకు పెద్దలు వెనుదీయుదురు. 1945లో కరవును గురించియే ప్రత్యేకముగా ఒక ప్రశ్నావళిని సిద్ధపరచి సంఘమువారు మరల విచారణ జరిపిరి.

ఇక్కడ ఒక సందేహము కలుగక మానదు. ముదుసలివారి జ్ఞాపకమును నమ్మవచ్చునా? ఇటలీ దేశమున టెర్ని యను ఉక్కు పట్టణము కలదు. 1949 మార్చి 17వ తేదీన అచ్చటి కార్మికులు, తమ దేశము ఉత్తర అట్లాంటిక్ సైనిక కూటమిలో చేరుటను నిరసించుచు వీధిలోనికి వచ్చినప్పుడు, పోలీసుల చేతిలో లుయీజీ ట్రస్టుల్లి యను యువకుడు మరణించెను. కొన్ని దశాబ్దముల పిమ్మట అలెస్సాంద్రో పోర్టెల్లి అను పరిశోధకుడు ఆ పట్టణపు వృద్ధ కార్మికుల మాటలను సేకరించెను. వారిలో పలువురు ఆ మరణము 1953లో జరిగినదని దృఢముగా చెప్పిరి. 1953లో ఉక్కు కార్ఖానా రెండువేలకు పైగా కార్మికులను తొలగించెను. అప్పుడు పట్టణమంతయు అట్టుడికిపోయెను. తమ తోటివాడు తమ బ్రతుకు తెరువు కొరకు జరిగిన పోరులోనే నేలకొరిగెనని వారి మనస్సు నిర్ణయించుకొనినది. తేదీ తప్పు. ఆ తప్పు వలన వారి హృదయమున దేనికి గాయమైనదో తెలిసినది. పోర్టెల్లి ఆ తప్పును కొట్టివేయక, వార్తాపత్రికలోని తేదీతో ప్రక్కప్రక్కన నుంచి చూపెను. కనుక ప్రణాళిక వేయువారు, పెద్దలు చెప్పిన మాటను ఏ కాగితముతో సరిచూడవలెనో కూడ ముందే ఆలోచించుకొనవలెను. సరిపడనప్పుడు రెంటిని ఉంచవలెను.

తెలుగునాట ఈ పని క్రొత్తది కాదు. సర్వే అధికారియైన కాలిన్ మెకంజీకొరకు ఏలూరు వాస్తవ్యుడు కావలి వెంకట బొర్రయ్య, 1803లో ఆయన మరణించిన పిమ్మట తమ్ముడు లక్ష్మయ్య, ఊరూర గ్రామచరిత్రలను వ్రాయించి తెప్పించిరి. అవియే కైఫీయతులు. కరణములను, అర్చకులను అడిగిరి గనుక వానిలో ఊరి పుట్టుక, గుడి, మాన్యములు, పాలకుల వరుస విస్తారముగ కలవు. నాట్లు వేసిన స్త్రీ మాట అరుదు.

ఆ లోపమును గుర్తించినవారు హైదరాబాదు నగరమునందలి స్త్రీశక్తి సంఘటన వారు. 1946 మొదలు 1951 వరకు జరిగిన తెలంగాణ రైతాంగ పోరాటమును గురించి నాయకులు వ్రాసిన గ్రంథములు కలవు. అందు స్త్రీలు పాల్గొనిరని వ్రాయబడినదే గాని, వారేమి చూచిరో, ఏమి కోల్పోయిరో తెలియదు. ఈ సంఘటన వారు ఆ స్త్రీలను వెదకి పట్టుకొని, వారి జీవితములను వారి నోటనే చెప్పించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అను గ్రంథముగ ప్రకటించిరి. పోరాటకాలమున ఇల్లు విడిచి వచ్చిన స్త్రీలను, పోరాటము ముగియగానే మరల ఇంటికి పొమ్మన్నప్పుడు వారికి కలిగిన ఆవేదన అందు వినవచ్చును. ప్రశ్న మారినందున చరిత్రయు మారినది. తన పంటకొరకు భూస్వామితో పోరాడిన పాలకుర్తి చాకలి ఐలమ్మ మాటలును అందు కలవు. ఆమె 1985 సెప్టెంబరు 10వ తేదీన కన్నుమూసెను. ఆమె గతించిన పిమ్మట ఆ ప్రయత్నము మొదలైనచో ఆమె గొంతు ఆ గ్రంథమున నుండెడిది కాదు.

నేడు ఒక పాఠశాల విద్యార్థులు ఇట్టి పనికి పూనుకొనదలచినచో ఎట్లుండును? కృష్ణానది సముద్రమున కలియు దివిసీమలోని ఒక బడిని ఊహింపవచ్చును. 1977 నవంబరు 19వ తేదీన అచ్చట ఉప్పెన వచ్చెను. దాదాపు 5 మీటర్ల యెత్తున సముద్రజలము లేచి, పల్లెలను ముంచెను. ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు పదివేలమంది మరణించిరి. నాడు పదియేండ్లవారుగా నున్నవారు ఇప్పుడు అరువదికి దగ్గరగానో, అంతకు మించియో ఉన్నారు. నాటి గృహస్థులలో మిగిలినవారు కొలదిమంది.

“ఉప్పెనను గురించి తెలిసికొనుట” యని తలచినచో పని ఎన్నటికిని ముగియదు. దానిని కుదింపవలెను. తుపాను హెచ్చరిక ఎవరికి, ఏ విధముగ చేరెను. చేరినవారు దానిని ఏమని అర్థము చేసికొనిరి. నీరు వచ్చినప్పుడు ఎచ్చటికి పోయిరి. ఏది పట్టుకొని నిలిచిరి - ఇంతవరకే గిరి గీసికొనిన యెడల అది ఒక సంవత్సరములో ముగింపదగిన పని. పైగా ఆ సమాధానములు రేపు మరియొక తుపాను వచ్చునాడు ఆ యూరికే పనికివచ్చును. ఉద్దేశమును నాలుగు పంక్తులలో వ్రాసి గోడకు అంటింపవలెను. ఎవరైన ఒక విద్యార్థి పాత నాటకముల సంగతియు అడుగుదమని ఉత్సాహపడినప్పుడు, ఆ కాగితమే జవాబు చెప్పును.

పిమ్మట లెక్క. ఒక గంట సంభాషణమును విని కాగితముమీద వ్రాయుటకు అయిదారు గంటలు పట్టును. ఇరువదిమంది పెద్దలను గంటసేపు అడిగినచో నూరు మొదలు నూటయిరువది గంటల వ్రాతపని. పదిమంది విద్యార్థులు పంచుకొనిరేని ఒక్కొక్కరికి పది మొదలు పండ్రెండు గంటలు. ఈ లెక్క చేయక నూరుమందిని అడిగి, వ్రాయలేక, శబ్దములను సెల్‌ఫోనులలో వదలివేసిన వారు తరచుగా కనబడుదురు. ఫోను పోయిననాడు అవ్వ గొంతును పోవును. ఐర్లండువారి మైనపు పొడికిని దీనికిని భేదము లేదు. కనుక ప్రతి సంభాషణమును ఆ దినమే మరి రెండుచోట్ల దింపియుంచి, దానికి చెప్పినవారి పేరు, ఊరు, తేదీ తగిలింపవలెను.

ఇరువదిమందిని ఎన్నుకొనుటలో గూడ జాగరూకత వలయును. మొదట కనబడువారు ఊరి పెద్దలు; వారు చక్కగా మాటలాడుదురు. మేడమీద నున్నవాడు చూచిన ఉప్పెన వేరు, గుడిసెలో నున్నవాడు చూచినది వేరు, వేటకు పడవమీద పోయినవాని భార్య చూచినది వేరు. పట్టికలో జాలరులు, కూలీలు, స్త్రీలు, ఉపాధ్యాయులు, తరువాత శవములను తొలగించుటకు వచ్చినవారు చేరినదాక ప్రారంభింపరాదు.

అడుగుట అన్నిటికంటె కష్టము. బిడ్డను పోగొట్టుకొనిన తల్లిని కూర్చుండబెట్టి ఆ మాటతోనే మొదలుపెట్టుట క్రౌర్యము. తాము వచ్చిన పని, మాటలు ఎచ్చట నుంచబడునో, ఎవరు విందురో ముందుగా చెప్పి, ఆమె అనుమతి పొందవలెను. పేరు వద్దనినచో పేరు వ్రాయరాదు. అనుమతి లభించిన పిమ్మట, “మామ్మగారూ, ఆ రోజు పొద్దున మీ యింట్లో ఏం వండారు?” అని ఆరంభించినచో, ఆమె పొయ్యి దగ్గరకు, అచ్చటినుండి వాకిటికి, వాకిటినుండి గాలికి తానే నడచి వచ్చును. నడుమ ఆమె మౌనము వహించినచో విద్యార్థియు మౌనముగ నుండవలెను. కంట నీరు పెట్టినచో యంత్రమును ఆపి, మరల చెప్పుట ఆమె యిష్టమునకు విడువవలెను. ఆ దినము చెప్పకపోయినను నష్టము లేదు.

వ్రాయునప్పుడు ఆమె భాషను దిద్దరాదు. ఆమె “నీల్లు” అనినచో “జలము” అని వ్రాయు హక్కు విద్యార్థికి లేదు. గ్రంథభాష పాఠములకు తగును. సాక్ష్యమునకు సాక్షి నోటిమాటయే తగును. వ్రాసిన పిమ్మట ఆ కాగితములను గొనిపోయి ఆమెకు చదివి వినిపింపవలెను. వలదన్న మాటను కొట్టివేసి, ఆమె చేర్చుమన్నది చేర్చి, ఒక ప్రతిని ఆమెకే ఈయవలెను. ఒకటి పాఠశాల గ్రంథాలయమున, మరియొకటి మండల గ్రంథాలయమున నుంచుట మేలు.

ఈ యేర్పాటులన్నియు జరిగినదాక ఎవరి యింటికిని పోనక్కరలేదని కాదు. ముందుగా ఒక్కరిని అడిగి చూచినచో ప్రశ్నలలోని లోపములు బయటపడును. ఆ యొక్కరు ఎవరు కావలెనన్న, పట్టికలో అందరికంటె పెద్ద వయస్సు గలవారు. వారు పొద్దుటి పూట ఓపికగా నుందురు గనుక, ఆదివారము ఉదయము ఎండ ముదురక ముందు.